జ్వరంలో చిన్ననాటి సిరీస్ మళ్లీ చదవాలంటే ఏది తీసుకోవాలి?

మూడేళ్ల కింద నాకు డెంగీ వచ్చింది. నాలుగో రోజుకి కళ్లు కాస్త పక్కకి తిప్పినా కనుగుడ్ల వెనక నొప్పి. అయినా ఏదో ఒకటి చదవాలనిపించింది. సగం చదివి పెట్టిన కొత్త నవల పక్కనే ఉంది. రెండు పేజీలు తిప్పేసరికి ఎవరు ఎవరికి ఏమవుతారో మరిచిపోయాను. దాన్ని పక్కన పెట్టి, తొమ్మిదేళ్ల వయసులో చదివిన పిల్లల సాహసాల సిరీస్‌లోంచి ఒక పుస్తకం తెప్పించుకున్నాను. అందులో దొంగ ఎవరో నాకు తెలుసు. సొరంగం ఎక్కడ తేలుతుందో తెలుసు. రోజుకి పది పేజీలు కూడా సాగలేదు. కానీ ఆ పది పేజీల సేపు నేను రోగిని కాను.

ఆ తర్వాత ఒక ఆపరేషన్ అయినప్పుడు మళ్లీ అదే చేయబోయి తప్పు పుస్తకం తీసుకున్నాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన సిరీస్‌లో ఆఖరి భాగం అది. ఇష్టమైనవాళ్లు ఒక్కొక్కరే చనిపోతుంటే రెండు రాత్రులు నిద్ర లేదు, కుట్లు లాగేలా ఏడుపు. ఇష్టమైన పుస్తకం వేరు, జబ్బులో పనికొచ్చే పుస్తకం వేరు అని అప్పుడు తెలిసింది. రెండింటికీ తేడా ఎలా కనిపెట్టాలో చెప్పాలని ఇది రాస్తున్నాను.

పాత పుస్తకమే ఎందుకు

జ్వరంలో మనసు నిలవకపోవడం బద్ధకం కాదు. రోగంతో పోరాడే క్రమంలో శరీరం సైటోకైన్లు అనే ప్రోటీన్లను విడుదల చేస్తుంది. వాటి ప్రభావం మెదడు మీద కూడా ఉంటుంది. అందుకే మగతగా ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, ఇప్పుడే చదివిన వాక్యం ఇప్పుడే జారిపోతుంది. కొత్త నవల చదవాలంటే పేర్లు, చుట్టరికాలు, ఎవరు ఎక్కడ ఏమన్నారో అన్నీ గుర్తుపెట్టుకోవాలి. చిన్నప్పుడు నాలుగైదుసార్లు చదివిన పుస్తకంలో ఆ బరువంతా మీ పాత జ్ఞాపకమే మోస్తుంది.

ముగింపు తెలిసిపోయాక మజా ఏముంటుంది అని కొందరు అడుగుతారు. 2011లో శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్నకథలతో ఈ సంగతే పరీక్షించారు. ముగింపు ముందే తెలిసి చదివినవాళ్లకు కథలు తక్కువ నచ్చలేదు సరికదా, మొత్తం మీద కొంచెం ఎక్కువే నచ్చాయి. అది జబ్బుపడ్డవాళ్ల మీద చేసిన పరీక్ష కాదు. కానీ మంచం మీద నాకు కలిగిన అనుభవం కూడా అదే. ఏమవుతుందో అన్న టెన్షన్ లేనప్పుడు వర్షం ఎలా పడిందో, ఆ గదిలో దీపం ఎక్కడుందో చూసే తీరిక దొరుకుతుంది.

విడి పుస్తకం కాకుండా సిరీస్ ఎందుకంటే, ఒకటి అయిపోగానే తర్వాత ఏం చదవాలి అనే ప్రశ్న ఉండదు. నీరసంగా ఉన్నప్పుడు చిన్న నిర్ణయం కూడా పెద్ద పనే. సిరీస్‌లో ఆ నిర్ణయం ఎప్పుడో జరిగిపోయింది, మూడు తర్వాత నాలుగు. పైగా మళ్లీ ఆ మనుషులే కనిపిస్తారు.

నేను ఇప్పుడు ఒక్కటే కొలత పెట్టుకున్నాను. చదువుతూ చదువుతూ మధ్యలో నిద్రపోతే ఏమైనా నష్టమా? లేచాక ఏ పేజీ తెరిచినా కథలోకి వెళ్లిపోగలిగితే అది జబ్బులో చదవదగ్గ పుస్తకం. ఏం జరిగిందో అని వెనక్కి వెతుక్కోవాల్సి వస్తే కాదు. కింద చెప్పేవన్నీ ఈ కొలతతో చూసి చెప్పేవే.

ఏ రకం సిరీస్

మొదట, ఏ పుస్తకానికా పుస్తకం విడి కథగా ఉండేవి. ఎనిడ్ బ్లైటన్ ‘ఫేమస్ ఫైవ్’ దీనికి సరైన ఉదాహరణ. 1942 నుంచి 1963 దాకా 21 పుస్తకాలు వచ్చాయి. ప్రతిసారీ బడి సెలవులు, నలుగురు పిల్లలు, ఒక కుక్క, ఒక రహస్యం, చివరికి అంతా క్షేమం. అన్నేళ్లు రాసినా ఆ పిల్లలు పెద్దవాళ్లు కారు. అందువల్ల ఎక్కడ మొదలుపెట్టినా ఫర్వాలేదు, మధ్యలో ఒకటి దొరక్కపోయినా లోటు తెలియదు. నిద్ర కొలతలో దీనికి నూటికి నూరు. అదే రచయిత్రి ‘సీక్రెట్ సెవెన్’ 15 పుస్తకాలు ఇంకా చిన్నవి. 102 డిగ్రీల జ్వరం ఉంటే ఫైవ్ కంటే సెవెన్ నయం.

వీటికి రెండు లోపాలున్నాయి. వరసగా నాలుగు చదివాక ఏది ఏదో కలిసిపోతుంది. వారం రోజుల జబ్బుకి అది సమస్య కాదు, రెండు నెలల జబ్బుకి విసుగు తెప్పిస్తుంది. రెండోది, ఆడపిల్ల కాబట్టి ఇంటి పని నువ్వే చెయ్యి అన్నట్టు సాగే మాటలు పెద్దయ్యాక చదివితే చురుక్కుమంటాయి. నాకు కోపం వచ్చింది. వచ్చినా చదివాను, ఎందుకంటే ఆ మాటకి అందులోనే ఎదురుతిరిగే పిల్ల ఒకతె ఉంది, తొమ్మిదేళ్లప్పుడు నేను ఇష్టపడింది ఆమెనే.

రెండో రకం, పాత్రలతో పాటు పెరిగే సిరీస్. ‘హ్యారీ పాటర్’ చాలామందికి అన్నిటికంటే ఇష్టమైనది, అందుకే దీని దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. 1997లో వచ్చిన మొదటి పుస్తకం బ్రిటిష్ ముద్రణలో 223 పేజీలు. 2003లో వచ్చిన అయిదోది 766 పేజీలు. పేజీలతో పాటు కథలో చీకటి కూడా పెరుగుతుంది, నాలుగో పుస్తకం చివరి నుంచి చావులు వెంటాడతాయి. కాబట్టి ఇది జబ్బులో చదవాల్సిన సిరీస్ అవునా కాదా అంటే, మొదటి మూడూ అవును, తర్వాతి నాలుగూ కోలుకునే రోజుల్లో అంటాను. మూడో పుస్తకం దగ్గర ఆపేయడం తప్పు కాదు. మీరు ఒకసారి పూర్తిగా చదివేశారు, ఎవరికీ బాకీ లేరు.

సి.ఎస్. లూయిస్ రాసిన మాయాలోకపు సిరీస్ ‘నార్నియా’ ఏడు పుస్తకాలూ చిన్నవే, చేతికి బరువు కాదు. కానీ ఏడోది, 1956లో వచ్చింది, మొత్తం ఒక లోకం అంతమయ్యే కథ. దాన్ని పక్కన పెట్టి మిగతా ఆరూ చదవచ్చు.

మూడో రకం మన తెలుగు పాఠకులకు బాగా తెలిసినదే, చిన్న కథల వరస. చందమామలో నెలనెలా వచ్చిన బేతాళ కథలు గుర్తు తెచ్చుకోండి. ప్రతి కథా ఒకేలా మొదలవుతుంది, ఒక ప్రశ్నతో ముగుస్తుంది, రాజు జవాబు చెప్పగానే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. మొదలూ చివరా మారవు, మధ్యలో కథ ఒక్కటే మారుతుంది. మూడు నాలుగు పేజీలకంటే ఎక్కువ ఓపిక లేని రోజున ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు. కథ మధ్యలో కన్ను మూతపడితే, లేచాక శవం ఇంకా భుజం మీదే ఉంటుంది.

అదే పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ‘తోకచుక్క’, ‘రాకాసి లోయ’ లాంటివి వచ్చే నెల దాకా పాఠకుణ్ణి పట్టి ఉంచాలని రాసినవి, ప్రతి భాగం ప్రమాదం అంచున ఆగుతుంది. వాటిని నేను ప్రాణంగా ప్రేమిస్తాను. ఒంట్లో బాగోలేనప్పుడు మాత్రం పగలే చదువుతాను. రాత్రి పూట ఒక భాగం అని మొదలుపెడితే ఆరు భాగాలయ్యేదాకా నిద్ర రాదు.

నాలుగోది బొమ్మల కథలు. ‘టిన్‌టిన్’ 24 పుస్తకాలు, చివరిది పూర్తికాకుండానే 1983లో వాటి సృష్టికర్త ఎర్జే చనిపోయాడు. ఎక్కువ పుస్తకాలు 62 పేజీల కొలతలో ఉంటాయి. మాటలు చదవలేకపోయినా బొమ్మలు చూస్తూ పోవచ్చు, అది పెద్ద లాభం. అయితే అక్షరాలు చిన్నవి, కళ్లు నొప్పిగా ఉంటే కష్టం. ఆల్బమ్ పెద్ద సైజు కాబట్టి వెల్లకిలా పడుకుని పట్టుకోవడం కుదరదు, ఒళ్లో దిండు పెట్టుకుని దాని మీద పరచాలి. ఒక జాగ్రత్త కూడా ఉంది. చంద్రుడి మీదకి వెళ్లే కథ, ఓడలో నిధి కథ, ఏడు స్ఫటిక గోళాల కథ, ఈ మూడూ రెండేసి పుస్తకాలుగా నడుస్తాయి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు జతలో ఒకటే సంచిలో పెట్టుకుంటే అవతలి సగం ఇంట్లో ఉండిపోతుంది. తొలి రోజుల్లో గీసిన కాంగో కథలో ఆఫ్రికా మనుషుల్ని చూపించిన తీరు ఇప్పుడు చూడలేం. దాన్ని వదిలేయడమే మంచిది.

ఇక ఏ ప్రమాదమూ లేని రకం ఒకటుంది. బడి కథలు, హాస్టల్ కథలు, అన్నదమ్ముల అక్కచెల్లెళ్ల కథలు. బ్లైటన్‌వే ‘మాలొరీ టవర్స్’ ఆరు పుస్తకాలు ఈ కోవలోవి. అలగడాలు, కలిసిపోవడాలు, ఆటల పోటీలు, అంతకు మించి ఏమీ జరగదు. రేపు రిపోర్ట్ వస్తుందని గుండె దడగా ఉన్న రాత్రికి ఇవే సరైనవి. కాకపోతే ఇంటి కథల్లో ఒకటి ముందే చూసుకోవాలి. అందులో ఎవరైనా జబ్బుపడతారా? ‘లిటిల్ విమెన్’ వెచ్చటి ఇంటి కథ అని గుర్తుంటుంది, కానీ నలుగురు అక్కచెల్లెళ్లలో ఒకతైన బెత్ జ్వరపడడం, రెండో భాగంలో చనిపోవడం మరిచిపోతాం. మంచాన పడ్డప్పుడు అది చదవకూడదు. నిజానికి చిన్నప్పుడు మన మీంచి తేలిగ్గా దాటిపోయిన పేజీలే పెద్దయ్యాక ఎక్కువ బాధ పెడతాయి. అనుమానం ఉంటే ఇంట్లో ఎవరినైనా ముందు ఒకసారి తిప్పి చూడమనండి.

కాగితమా, తెరా, గొంతా

చాలామంది పాత పుస్తకమే చేతిలోకి తీసుకోవాలనుకుంటారు. నాకూ అదే ఇష్టం. అట్ట మూల చిరిగిన చోటు, నా పిల్లప్పటి చేతిరాతలో పేరు, ఇవి కొత్త కాపీలో ఉండవు. కానీ ఏళ్ల తరబడి అటక మీద ఉన్న పుస్తకానికి దుమ్మూ బూజూ పట్టి ఉండొచ్చు. దగ్గు, ఆస్తమా ఉన్నవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు బూజు వాసన వచ్చే పుస్తకం దగ్గరికి కూడా తీసుకోకూడదు. ఈ విషయంలో సెంటిమెంట్‌కి చోటివ్వకండి, కొత్త కాపీ కొనండి.

కొత్త కాపీ కొనేటప్పుడు ఒక చిక్కు ఉంది. పాత పిల్లల పుస్తకాల్లో భాషని ప్రచురణకర్తలు మారుస్తుంటారు. ఫేమస్ ఫైవ్‌నే 2010లో ఇప్పటి మాటల్లోకి మార్చి వేశారు. పాఠకులకు నచ్చక 2016లో పాత పాఠానికే వెనక్కి వెళ్లారు. కొత్తగా చదివే పిల్లలకి ఆ తేడా తెలియకపోవచ్చు. మళ్లీ చదివేవాళ్లకి వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే వాక్యం కంటికంటే ముందు నోట్లోకి వస్తుంది, పేజీ మీద వేరే మాట ఉంటుంది. ఆ చిన్న తొట్రుపాటు చాలు, హాయి పోతుంది. కొనేముందు రెండు మూడు పేజీలు చూసి, మీరు చదివిన పాఠమే అని నిర్ధారించుకోండి. చిన్నప్పుడు అనువాదం చదివి ఉంటే అదే అనువాదం వెతకండి, మూలం ఎంత గొప్పదైనా సరే.

వరస విషయంలోనూ అంతే. నార్నియాని 1950లో మొదట వచ్చిన బీరువా కథ ‘ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్’తో మొదలుపెట్టాలా, కథాకాలం ప్రకారం ముందుండే ‘మెజీషియన్స్ నెఫ్యూ’తోనా అని ఎప్పటినుంచో వాదన ఉంది. ఇప్పటి సెట్లలో రెండోదానికే ఒకటో నంబర్ వేస్తున్నారు. ఆ నంబర్లు చూడకండి. మీరు ఏ వరసలో చదివారో అదే మీ వరస.

ఈ-రీడర్ లాభాలు జబ్బులోనే బాగా తెలుస్తాయి. ఎడమ చేతికి సెలైన్ సూది ఉన్నప్పుడు ఒంటిచేత్తో పేజీ తిప్పచ్చు, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, 21 పుస్తకాలూ దిండు కింద పడతాయి. ఫోన్ మీద చదవడం నేను సలహా ఇవ్వను. అక్షరం చిన్నది కావడం ఒక కారణం, అసలు కారణం వేరు. రెండు పేజీలకొకసారి ఎవరో మెసేజ్ పెడతారు, “ఇప్పుడెలా ఉంది?” అని. జవాబు చెప్పగానే మళ్లీ రోగివైపోతావు. తప్పనిసరైతే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

కళ్లు తెరవలేని జబ్బుల్లో ఆడియోబుక్ ఒక్కటే దారి. డెంగీ, ఫ్లూలలో వచ్చే కళ్ల వెనక నొప్పి, కళ్లకలక, తల తిరుగుడు, కంటి ఆపరేషన్ తర్వాతి రోజులు, ఇవన్నీ ఆ కోవలోవే. స్లీప్ టైమర్ పదిహేను నిమిషాలకి పెట్టుకోండి, లేకపోతే మీరు నిద్రపోయాక కథ మూడు అధ్యాయాలు ముందుకెళ్లిపోతుంది. దీనితో వచ్చే ఇబ్బంది గొంతు. ఆ కుక్కకీ ఆ పిల్లలకీ మీ తలలో ఇరవై ఏళ్లుగా ఒక గొంతుంది, చదివేవాళ్లది అది కాదు. శాంపిల్ విని మనసుకి పట్టకపోతే ఆ సిరీస్ వదిలి, మీకు అంత దగ్గర కాని ఇంకో పాత సిరీస్ వినండి.

వీటన్నిటికంటే మంచిది ఇంట్లో ఎవరైనా చదివి వినిపించడం. కథ తెలిసినదే కాబట్టి ఎక్కడ ఆపేసినా మీకు నష్టం లేదు, చదివేవాళ్లకి బలవంతం ఉండదు. నాకు డెంగీ నీరసంలో మా అక్క చదివింది. ఒక్కో పేరు తప్పు పలికేది. నేను కళ్లు మూసుకునే సరిదిద్దేదాన్ని.

ఏ జబ్బుకి ఏది

రెండు మూడు రోజుల జ్వరానికి పెద్దగా ఆలోచించక్కర్లేదు, ఇష్టమైన సిరీస్‌లో అన్నిటికంటే సన్నటి పుస్తకం తీసుకోండి. మైగ్రేన్‌లో ఏదీ వద్దు. వెలుగూ శబ్దమూ రెండూ పడవు, నొప్పి తగ్గాక చూడచ్చు. తలకి దెబ్బ తగిలితే మొదటి ఒకటి రెండు రోజులు చదువుకి విశ్రాంతి ఇవ్వమంటారు, డాక్టర్ చెప్పాకే మొదలుపెట్టండి.

ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరేటప్పుడు మూడు పుస్తకాలు చాలు. ఒకటి ముందురోజు రాత్రికి, ప్రమాదం లేని బడి కథ. రెండోది మర్నాటికి, చిన్న కథల వరస, ఎందుకంటే మత్తు పూర్తిగా దిగేదాకా పేజీ తిప్పగానే ముందు పేజీ పోతుంది. మూడోది ఇంటికి వెళ్లే ముందు విసుగు రోజులకి, విడి కథల సాహసం. పొట్ట మీద కుట్లుంటే బాగా నవ్వించే పుస్తకాలు పెట్టుకోకండి. నవ్వితే నిజంగానే నొప్పి. గట్టి అట్ట పుస్తకం పొట్ట మీద ఆనించి చదవడమూ కుదరదు. మెత్తటి అట్టవే తీసుకెళ్లండి, పోయినా ఫర్వాలేదనుకున్న కాపీలే తీసుకెళ్లండి. నా పేరున్న పాత పుస్తకం ఒకటి ఒక వార్డులో పోయింది, ఇప్పటికీ ఆ సంఖ్య దగ్గర అరలో ఖాళీ ఉంది.

నెలల తరబడి సాగే జబ్బుకి లెక్క మారుతుంది. ఇక్కడ సౌకర్యంతో పాటు ముందుకు సాగుతున్నామనే భావన కూడా కావాలి. రోజులన్నీ ఒకేలా ఉన్నప్పుడు ప్రతిసారీ ఒకేలా ముగిసే కథలు ఆ ఒకేలాతనాన్ని పెంచుతాయి. పెరిగే సిరీస్ ఇప్పుడు పనికొస్తుంది. నిన్న మూడో ఏడాదిలో ఉన్న పిల్లలు ఇవాళ నాలుగో ఏడాదిలోకి వచ్చారన్నది ఒక కదలిక. చీకటి భాగాలు మంచి రోజులకి దాచుకుని, చెడ్డ రోజుల కోసం విడి కథల సిరీస్ ఒకటి పక్కన పెట్టుకోండి. రెండు సిరీస్‌లు ఒకేసారి నడపమని నేను చెప్పేది ఈ ఒక్క సందర్భంలోనే. కీమో తీసుకుంటున్న ఒక స్నేహితురాలు ఇలాగే చేసింది. మందు ఎక్కించిన వారం చిన్న కథలు, ఓపిక వచ్చిన వారం పెద్ద సిరీస్. ఎక్కడిదాకా వచ్చిందో అట్ట లోపల తేదీతో రాసుకునేది.

పుస్తకం పనిచేయకపోతే

అలా కూడా జరుగుతుంది. ఇరవై ఏళ్లు గుండెలో దాచుకున్న పుస్తకం తెరిస్తే వాక్యాలు చప్పగా ఉంటాయి, నవ్వు రాదు. అప్పుడు పది పేజీల తర్వాత మూసేయండి, ఇష్టం పోతుందేమో అని భయపడుతూ చదవకండి. రుచి తెలియని నాలుకతో ఏ వంటనూ తీర్పు చెప్పం కదా, అలాగే జ్వరంలో పుస్తకాన్నీ చెప్పలేం. నాకు ఒకసారి మంచం మీద చప్పగా తోచిన పుస్తకమే ఆరోగ్యం కుదుటపడ్డాక చదివితే మళ్లీ పాతలాగే ఉంది.

ఇంకొకటి, చిన్నప్పుడు జబ్బుగా ఉన్నప్పుడే చదివిన పుస్తకాలు. వీటి విషయంలో మనుషులు రెండు రకాలు. కొందరికి ఆ పుస్తకం తెరవగానే నుదుటి మీద అమ్మ చెయ్యి గుర్తొస్తుంది, కొందరికి మందు వాసన గుర్తొచ్చి వికారం పెడుతుంది. మీరు ఏ రకమో తెలియకపోతే మొదటి పేజీ ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి చదివి చూసుకోండి.

అసలు ఈ ఎంపిక అంతా బాగున్నప్పుడే చేసి పెట్టుకోవడం మంచిది. జ్వరం వచ్చాక అటక ఎక్కి వెతికే ఓపిక ఎవరికీ ఉండదు, ఎవరినైనా తెమ్మంటే పక్క సంఖ్య తెస్తారు. మా ఇంట్లో ఇప్పుడు మందుల డబ్బా ఉన్న అరలోనే నాలుగు పుస్తకాలున్నాయి. బేతాళ కథలు ఒకటి, సీక్రెట్ సెవెన్ రెండు, మాలొరీ టవర్స్ సిరీస్‌లో మూడో పుస్తకం. థర్మామీటర్ తీసినప్పుడే అవి కూడా చేతికి తగులుతాయి.